కౌన్సెలింగ్ అంటే వెబ్ ఆప్షన్స్ కాదు

మన బ్యాచ్‌లో ఎవరినైనా ఆపి "కౌన్సెలింగ్‌కి వెళ్లావా?" అని అడగండి. "ఆ, సెకండ్ ఫేజ్‌లో సీటొచ్చింది" అంటారు. ఇంజనీరింగ్ చదివే తెలుగు పిల్లలకి కౌన్సెలింగ్ అంటే ఎంసెట్ కౌన్సెలింగే. స్లాట్ బుకింగ్, సర్టిఫికెట్ వెరిఫికేషన్, వెబ్ ఆప్షన్స్, సీట్ అలాట్‌మెంట్. పరీక్ష పేరు ఈఏపీసెట్ అని మారినా మన నోట్లో ఎంసెట్ పోలేదు, కౌన్సెలింగ్ అన్న మాటకి ఆ అర్థమూ పోలేదు.

రెండో అర్థం పేపర్లో కనిపిస్తుంది. "రౌడీషీటర్లకు కౌన్సెలింగ్", "డ్రంకెన్ డ్రైవ్‌లో పట్టుబడ్డవారికి కుటుంబ సభ్యుల సమక్షంలో కౌన్సెలింగ్". ఇక్కడ అర్థం ఏంటంటే, తప్పు చేసినవాణ్ణి కూర్చోబెట్టి క్లాస్ పీకడం. మూడోది స్కూల్లోనే విన్నాం. పేరెంట్స్ మీటింగ్‌లో టీచర్ "మీవాడికి ఇంట్లో కొంచెం కౌన్సెలింగ్ ఇవ్వండి" అంటుంది. ఆ రోజు రాత్రి ఇంట్లో ఏం జరుగుతుందో మనకి తెలుసు.

ఈ మూడింట్లోనూ మాట్లాడేది ఎదుటివాళ్లే, వినేది మనమే. అందుకే ఫ్రెండ్ ఎవరైనా డల్‌గా ఉంటే, "ఒకసారి కౌన్సెలర్‌ని కలువురా" అన్నామనుకోండి, వాడికి "నువ్వేదో తప్పు చేశావ్" అన్నట్టు వినిపిస్తుంది. నేను రాయబోయేది నాలుగో అర్థం గురించి. అక్కడ సీన్ రివర్స్. మనం మాట్లాడతాం, వాళ్లు వింటారు.

నాకెలా తెలుసంటే, పోయిన సెమిస్టర్‌లో నేను ఐదుసార్లు వెళ్లాను. మా పెద్దమ్మ కూతురు, మా బావ కొండాపూర్‌లో ఉంటారు, ఇద్దరూ సాఫ్ట్‌వేర్. వాళ్లు కపుల్స్ కౌన్సెలింగ్‌కి వెళ్లారు. వాళ్లిద్దరినీ అడిగే ఇది రాస్తున్నా. అక్క రెండు కండిషన్లు పెట్టింది: "ఒరేయ్, పేర్లొద్దు, నీతులొద్దు."

ముందు ఎవరు ఎవరో తెలుసుకుందాం

కౌన్సెలర్, సైకాలజిస్ట్, సైకియాట్రిస్ట్. ముగ్గురూ ఒకటే అని చాలామంది అనుకుంటారు. నేను కూడా అనుకున్నా.

సైకియాట్రిస్ట్ అంటే డాక్టర్. ఎంబీబీఎస్ చేసి, ఆ తర్వాత మానసిక వైద్యంలో పీజీ చేసినవాళ్లు. మందులు రాసేది వీళ్లే. క్లినికల్ సైకాలజిస్ట్ మందులు రాయరు. పరీక్షలు చేసి సమస్య ఏంటో గుర్తిస్తారు, థెరపీ చేస్తారు. వీళ్లకి రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో రిజిస్ట్రేషన్ ఉండాలి. 1992 చట్టం ప్రకారం ఏర్పడిన సంస్థ అది. రిజిస్టర్ అయినవాళ్లకి సీఆర్ఆర్ నంబర్ అని ఒకటి ఉంటుంది. అడిగితే చెప్తారు, అడగడం తప్పేం కాదు.

కౌన్సెలర్ అన్న మాట దగ్గరే జాగ్రత్తగా ఉండాలి. సైకాలజీలోనో కౌన్సెలింగ్‌లోనో ఎమ్మే, ఎమ్మెస్సీ చేసి, సీనియర్ల దగ్గర ట్రైనింగ్ తీసుకున్న మంచి కౌన్సెలర్లు ఉన్నారు. వీకెండ్ ఆన్‌లైన్ కోర్స్ చేసి బోర్డ్ పెట్టినవాళ్లూ ఉన్నారు. మాదాపూర్, గచ్చిబౌలి వైపు ఫోన్లో వెతికితే బోలెడు పేర్లొస్తాయి. కాబట్టి మూడు ప్రశ్నలు మొహమాటం లేకుండా అడగండి. ఏం చదివారు? ఎన్నేళ్లుగా చేస్తున్నారు? నాలాంటి సమస్యతో వచ్చినవాళ్లని ఇంతకుముందు చూశారా? ఇంటర్న్‌షిప్ ఇంటర్వ్యూలో మనల్ని ఇంతకంటే ఎక్కువే అడుగుతారు.

ఇక "ఎర్రగడ్డ" జోక్. ఎవడైనా పిచ్చిపనిచేస్తే "ఎర్రగడ్డకి పంపించాలిరా వీణ్ణి" అంటాం కదా. ఎర్రగడ్డలో ఉన్నది ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెంటల్ హెల్త్, ప్రభుత్వ ఆసుపత్రి. ప్రైవేట్‌లో డబ్బులు పెట్టలేనివాళ్లు ట్రీట్‌మెంట్ కోసం వెళ్లే చోటు అది. నేను కూడా ఆ జోక్ వందసార్లు వేసినవాణ్ణే. నాకు అవసరమొచ్చిన రోజు ఎవరికీ చెప్పుకోలేకపోవడానికి ఆ జోక్ కూడా ఒక కారణం. నవ్వే గ్యాంగ్‌లో నేనే ఉన్నాను మరి, ఇంక ఎవరికి చెప్పను?

మొదటి రోజు ఏం జరుగుతుంది

సినిమాల వల్ల నాకో పిక్చర్ ఉండేది. "డియర్ జిందగీ"లో షారుఖ్ గోవా బీచ్‌లో నడుస్తూ కౌన్సెలింగ్ చేస్తాడు. నిజానికి ఒక చిన్న రూము, రెండు కుర్చీలు, ఒక టిష్యూ బాక్స్, ఒక గోడ గడియారం. అంతే.

ముందు ఒక ఫారం ఇస్తారు. పేరు, వయసు, ఇంతకుముందు ఏమైనా ట్రీట్‌మెంట్ తీసుకున్నారా, మందులు వాడుతున్నారా, ఎమర్జెన్సీలో ఎవరికి ఫోన్ చెయ్యాలి. దాంతోపాటు సమ్మతి పత్రం. మనం టర్మ్స్ అండ్ కండిషన్స్ చదవకుండా టిక్ పెట్టే బ్యాచ్. ఇది మాత్రం చదవండి. మీరు చెప్పేది ఎవరికి తెలుస్తుంది, ఎవరికి తెలియదు అన్నది ఇందులోనే ఉంటుంది.

అసలు భయం అక్కడే కదా. ఇంట్లో చెప్పేస్తారా? హెచ్‌ఓడీకి తెలుస్తుందా? మన దేశంలో 2017లో మెంటల్ హెల్త్‌కేర్ చట్టం వచ్చింది, 2018 మే నుంచి అమల్లో ఉంది. మానసిక సమస్యతో చికిత్సకి వచ్చినవాళ్ల వివరాలు రహస్యంగా ఉంచడం వాళ్ల హక్కు అని ఆ చట్టం 23వ సెక్షన్ చెప్తుంది. మంచి కౌన్సెలర్ ఎవరైనా ఆ పద్ధతినే పాటిస్తారు. కానీ రహస్యానికి కొన్ని హద్దులున్నాయి. మీ ప్రాణానికో, ఇంకొకరి ప్రాణానికో ప్రమాదం ఉందని అనిపిస్తే వాళ్లు అవసరమైన వాళ్లకి చెప్తారు. చిన్నపిల్లల మీద లైంగిక దాడి సంగతి తెలిస్తే పోక్సో చట్టం ప్రకారం రిపోర్ట్ చెయ్యక తప్పదు. కోర్టు ఆర్డర్ వస్తే ఇవ్వాలి. మంచి కౌన్సెలర్ ఈ హద్దుల గురించి మనం అడక్కుండానే మొదటి పది నిమిషాల్లో చెప్తారు. చెప్పకపోతే మీరే అడగండి: "నా గురించి కాలేజీకి ఏం వెళ్తుంది, ఇంటికి ఏం వెళ్తుంది?"

సెషన్ 45 నిమిషాల నుంచి గంట వరకూ ఉంటుంది. మొదటిరోజు ఎక్కువగా ప్రశ్నలే. ఎందుకొచ్చావు, ఎప్పట్నుంచి ఇలా ఉంది, నిద్ర ఎలా పడుతోంది, తిండి ఎలా ఉంది, ఇంట్లో ఎవరెవరుంటారు. ఒక ప్రశ్న విని చాలామంది ఉలిక్కిపడతారు: "ఎప్పుడైనా చనిపోవాలని అనిపించిందా?" ఇది దాదాపు అందరినీ అడుగుతారు. మీ మొహంలో ఏదో కనిపించి అడిగింది కాదు. అడగడం వల్ల లేని ఆలోచన పుట్టదు. ఉన్న ఆలోచన మాత్రం బయటికి వస్తుంది, అది మంచిదే. నిజం చెప్పండి.

నా మొదటి సెషన్ సగం నేను "బానే ఉన్నాను మేడమ్, నిద్రే పట్టట్లేదు" అనే తిప్పితిప్పి చెప్పాను. ఆవిడ ఏమీ అనలేదు. మధ్యలో నిశ్శబ్దం వచ్చేది. మనకి నిశ్శబ్దం అలవాటు లేదు, వైవాలో ప్రశ్నకి ఆన్సర్ రానట్టు ఫీలవుతాం. అక్కడ దానికి మార్కులు కట్ అవ్వవు.

ఏ భాషలో బాధపడతాం

ఇది మన తెలుగు క్లబ్ కోసం ప్రత్యేకంగా రాస్తున్నా. నేను ఎల్‌కేజీ నుంచి ఇంగ్లిష్ మీడియం. కౌన్సెలర్ దగ్గర కూడా ఇంగ్లిష్‌లోనే మొదలుపెట్టాను. స్ట్రెస్, యాంగ్జయిటీ, ఓవర్‌థింకింగ్. రీల్స్‌లో నేర్చుకున్న మాటలన్నీ వరసగా చెప్పేశాను. చెప్తుంటే ఇంకెవరి గురించో చెప్తున్నట్టుంది.

రెండో సెషన్‌లో ఆవిడ "ఇంట్లో ఏ భాష మాట్లాడతావు?" అని అడిగింది. తెలుగు అన్నాను. "మరి ఇదంతా మీ అమ్మకి చెప్పాలంటే ఏమని చెప్తావు?" అంది. కాసేపు ఆలోచిస్తే, నాకు వచ్చిన మాట "గుబులుగా ఉంది". ఆ మాట నేను వాడి ఎన్నేళ్లయిందో తెలీదు. అది అనగానే గొంతు పట్టేసింది.

తర్వాత ఇంటికెళ్లి లిస్ట్ రాశాను. బెంగ, దిగులు, గుబులు, కంగారు, చిరాకు, ఉక్రోషం, నామోషీ. అన్నిటికీ నేను యాంగ్జయిటీ అనే ఒక్క వేరియబుల్ వాడుతున్నా. కానీ బెంగ వేరు, గుబులు వేరు. బెంగ హాస్టల్‌కి వచ్చిన మొదటి నెలలో అమ్మ మీద పెట్టుకున్నది. గుబులు రేపు ఏమవుతుందో అని. నాకు ఉన్నవాటిలో అన్నిటికంటే పెద్దది నామోషీ అని ఆ లిస్ట్ రాశాకే తెలిసింది.

విషయం ఏంటంటే, నాకు ఫస్టియర్‌లో మ్యాథ్స్ పోయింది. ఇంట్లో చెప్పలేదు. రోజూ రాత్రి ఎనిమిదిన్నరకి నాన్న ఫోన్ చేసేవారు. "అంతా బాగానే ఉందా నాన్నా?" "ఆ బానే ఉంది నాన్నా." ఫోన్ పెట్టేశాక తెల్లవారుజామున మూడింటిదాకా నిద్ర ఉండేది కాదు. నాలుగు నెలలు ఇదే.

కాబట్టి కౌన్సెలర్‌ని వెతికేటప్పుడు తెలుగు వచ్చా అని కూడా అడగండి. ఇంగ్లిష్‌లో చెప్పుకోగలిగేవాళ్లు చెప్పుకోవచ్చు, కలిపి మాట్లాడినా పర్వాలేదు. కానీ తిట్టు, ఏడుపు మన భాషలోనే వస్తాయి.

అసలు ఎలా పనిచేస్తుంది

మనకి తెలిసిన పోలిక ఒకటుంది. రబ్బర్ డక్ డీబగ్గింగ్. కోడ్ పనిచెయ్యకపోతే టేబుల్ మీద బాతు బొమ్మ పెట్టుకుని లైన్ బై లైన్ దానికి వివరించమంటారు. చెప్తూ చెప్తూ బగ్ మనకే దొరుకుతుంది. కౌన్సెలింగ్‌లో సగం ఇదే. మిగతా సగం ఏంటంటే, ఈ బాతు ట్రైనింగ్ తీసుకుంది, తిరిగి ప్రశ్నలడుగుతుంది.

పద్ధతులు చాలా ఉన్నాయి. అమెరికాలో కార్ల్ రోజర్స్ అనే సైకాలజిస్ట్, మనిషిని జడ్జ్ చెయ్యకుండా పూర్తిగా వింటే తన దారి తనే వెతుక్కుంటాడు అన్నాడు. ఆరన్ బెక్ అనే సైకియాట్రిస్ట్ 1960లలో ఇంకో పద్ధతి తయారుచేశాడు, దాన్నే ఇప్పుడు సీబీటీ అంటున్నాం. ఒక సంఘటన జరిగాక మనకి టక్కున ఒక ఆలోచన వస్తుంది, ఆ ఆలోచన వల్ల బాధ వస్తుంది, బాధ వల్ల మనం ఏదో చేస్తాం. ఆ టక్కున వచ్చిన ఆలోచనని పట్టుకుని, అది ఎంతవరకు నిజమో చెక్ చెయ్యడం సీబీటీలో ముఖ్యమైన పని.

నా చేత ఒక టేబుల్ రాయించారు. మొదటి కాలమ్: ఏం జరిగింది. రెండోది: ఏం అనుకున్నాను. మూడోది: దానికి ఆధారం. నాలుగోది: దానికి వ్యతిరేకంగా ఆధారం. నేను రెండో కాలమ్‌లో "తెలిస్తే నాన్న ఇంక నాతో మాట్లాడరు" అని రాశాను. మూడో కాలమ్‌లో రాయడానికి ఏమీ దొరకలేదు. నాలుగో కాలమ్‌లో, ఇంటర్‌లో నేను నాన్న బండి తీసుకెళ్లి డివైడర్‌కి గుద్దిన సంగతి గుర్తొచ్చింది. అప్పుడు తిట్టారు, మర్నాడు మామూలుగానే మాట్లాడారు.

ఇక్కడ ఒక మాట. కౌన్సెలర్ నన్ను "ఇంట్లో చెప్పేయ్" అనలేదు. సలహా ఇవ్వడం వాళ్ల పని కాదు. మన పెద్దవాళ్లకి ఇదే విచిత్రంగా అనిపిస్తుంది. మా అమ్మమ్మకి చెప్తే "సలహా చెప్పకపోతే ఫీజెందుకు?" అంది. అమ్మమ్మ వాళ్ల కాలంలో పత్రికలకి ఉత్తరాలు రాసేవాళ్లు. మాలతీ చందూర్ గారు "ఆంధ్రప్రభ" వారపత్రికలో "ప్రమదావనం" శీర్షికని దశాబ్దాల పాటు నడిపారు, తర్వాత "స్వాతి"లో "నన్ను అడగండి". ఇంట్లో ఎవరికీ చెప్పుకోలేనివి ఎంతోమంది ఆవిడకి రాసుకున్నారు. అంటే తెలియని మనిషికి మనసులో మాట చెప్పుకోవడం తెలుగువాళ్లకి కొత్త కాదు. తేడా ఒక్కటే. అక్కడ ప్రశ్న మనది, జవాబు ఆవిడది. ఇక్కడ ప్రశ్నలు వాళ్లవి, జవాబు మనం వెతుక్కోవాలి.

ఎన్నిసార్లు వెళ్లాలి? సీబీటీ లాంటివి మామూలుగా 6 నుంచి 20 సెషన్లు, వారానికో రెండు వారాలకో ఒకటి. కొందరికి రెండు మూడుసార్లకే సరిపోతుంది, కొందరికి ఏడాది పడుతుంది. ఒక్కోసారి సెషన్ అయ్యాక వెళ్లేముందు కంటే బరువుగా ఉంటుంది. కట్టు విప్పి గాయం కడిగితే మంటపుట్టినట్టు. అది మామూలే. కానీ మూడు నాలుగు సెషన్ల తర్వాత కూడా వాళ్ల దగ్గర నోరు విప్పలేకపోతుంటే మనిషిని మార్చుకోవచ్చు. మంచివాళ్లయితే ఏమీ అనుకోరు, వాళ్లే ఇంకొకరి పేరు చెప్తారు.

ఇద్దరూ కలిసి వెళ్తే

ఇప్పుడు అక్కా బావల సంగతి. బావది అమెరికా క్లయింట్. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఎండాకాలం ఉదయం తొమ్మిదైతే ఇక్కడ రాత్రి తొమ్మిదిన్నర, చలికాలం అయితే పదిన్నర. బావకి పని మొదలయ్యేది అప్పుడు. అక్కకి పొద్దున తొమ్మిదిన్నరకి స్టాండప్. "ఒకే మంచం మీద ఒకళ్లు లేస్తుంటే ఇంకొకళ్లు పడుకునేవాళ్లం" అంది అక్క. గొడవలు మాత్రం షిఫ్టుల గురించి కాదు, సింక్‌లో గిన్నెల గురించి.

మొదట మన పద్ధతిలో పంచాయితీ అయింది. పెదనాన్న, బావ వాళ్ల మేనమామ ఖమ్మం నుంచి వచ్చి హాల్లో కూర్చున్నారు. నాలుగు గంటలు. ఎవరిది తప్పో తేల్చడానికి ప్రయత్నించారు, తేలలేదు. చివరికి "సర్దుకుపోండి" అని తీర్పు చెప్పి, భోంచేసి వెళ్లారు. ప్రేమతోనే వచ్చారు, అందులో డౌట్ లేదు. కానీ ఆ తర్వాత ఇద్దరికీ ఇంకో గొడవ మొదలైంది: "నువ్వు మీవాళ్ల ముందు నా పరువు తీశావ్."

కపుల్స్ కౌన్సెలింగ్ అంటే ఫీజు తీసుకునే పంచాయితీ అని చాలామంది అనుకుంటారు. కాదు. గిట్‌లో మెర్జ్ కాన్‌ఫ్లిక్ట్ వచ్చినప్పుడు ఏం జరుగుతుందో గుర్తుతెచ్చుకోండి. ఎవరి కోడ్ కరెక్టో గిట్ చెప్పదు. ఇదిగో నీ వెర్షన్, ఇదిగో వాళ్ల వెర్షన్, ఇక్కడ కలవట్లేదు అని చూపిస్తుంది. ఏది ఉంచాలో, రెండూ కలిపి కొత్తగా రాయాలో మనమే తేల్చుకోవాలి. కౌన్సెలర్ కూడా భర్త తరఫునా కాదు, భార్య తరఫునా కాదు. వాళ్లు చూసేది ఇద్దరి మధ్య ఉన్న బంధాన్ని.

మామూలుగా మొదటి సెషన్ ఇద్దరితో కలిపి ఉంటుంది. తర్వాత చాలామంది కౌన్సెలర్లు ఒక్కొక్కరితో విడిగా ఒకసారి మాట్లాడతారు. అప్పుడు ఒక రూల్ ముందే చెప్తారు. విడిగా చెప్పిన రహస్యం అవతలివాళ్ల దగ్గర దాస్తారా, దాయరా అన్నది. ఇది ఒక్కో కౌన్సెలర్‌కి ఒక్కోలా ఉంటుంది కాబట్టి ముందే స్పష్టంగా అడిగి తెలుసుకోవాలి. సెషన్ కూడా కొంచెం ఎక్కువసేపు, గంట నుంచి గంటన్నర.

అక్క చెప్పిన ఒక ఎక్సర్‌సైజ్: ఒకళ్లు రెండు నిమిషాలు మాట్లాడాలి. రెండోవాళ్లు జవాబు చెప్పకూడదు, విన్నది తిరిగి చెప్పాలి. మాట్లాడినవాళ్లు "అవును, నేనన్నది అదే" అనేదాకా చెప్తూనే ఉండాలి. చాలా ఈజీ అనుకున్నాడట బావ. "మూడుసార్లు తప్పు చెప్పాను రా. అది గిన్నెల గురించి అంటోందనే అనుకుంటున్నా. ఎనిమిది నెలలుగా రాత్రిపూట ఒక్కతే తింటున్నాను అంటోందది."

జాన్ గాట్‌మన్ అని యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్ సైకాలజిస్ట్ ఒకాయన ఉన్నారు. దంపతులు గొడవపడే తీరుని రికార్డ్ చేసి ఏళ్లపాటు స్టడీ చేశారు. బంధాన్ని పాడుచేసేవి నాలుగు అలవాట్లని ఆయన చెప్తారు. పనిని కాకుండా మనిషినే విమర్శించడం. చులకన చెయ్యడం. ప్రతిదానికీ తనని తాను సమర్థించుకోవడం. ఏమీ మాట్లాడకుండా గోడలా ఉండిపోవడం. వీటిలో చులకన అన్నిటికంటే ప్రమాదం అంటారాయన. మనం సీరియళ్లలో చూసే ఎత్తిపొడుపులు, కళ్లు తిప్పడాలు అన్నీ ఆ ఖాతాలోవే. ఆయన లెక్కలో ఇంకోటి కూడా ఉంది: దంపతుల గొడవల్లో దాదాపు 69 శాతం ఎప్పటికీ పూర్తిగా తేలేవి కావు. తేల్చడం కాదు, తేలకపోయినా మర్యాదగా మాట్లాడుకోవడం నేర్చుకోవాలి.

అక్కా బావలకి షిఫ్టులు మారలేదు. కానీ రాత్రి ఏడున్నర నుంచి ఎనిమిదింబావు దాకా ల్యాప్‌టాప్‌లు మూసేసి కలిసి తింటారు. బావ వాళ్లమ్మ వచ్చి ఎన్నాళ్లుండాలి అన్నదాని మీద ఇప్పటికీ గొడవే. ఆ 69 శాతంలో అదొకటి అనుకుంటా.

రెండు విషయాలు మాత్రం మర్చిపోకూడదు. ఒకటి, కపుల్స్ కౌన్సెలింగ్‌కి వెళ్తే తప్పకుండా కలిసిపోతారని గ్యారంటీ లేదు. కొన్నిసార్లు విడిపోవడమే మంచిదని ఇద్దరికీ అర్థమవుతుంది, ఒకళ్లనొకళ్లు ముక్కలు చేసుకోకుండా విడిపోవడానికి కూడా అది పనికొస్తుంది. రెండు, ఇంట్లో కొట్టడం, బెదిరించడం ఉంటే ఇద్దరూ కలిసి కూర్చునే కౌన్సెలింగ్ సరైన చోటు కాదు. అక్కడ నిజం చెప్పినందుకు ఇంటికెళ్లాక దెబ్బలు పడొచ్చు. ముందు చూసుకోవాల్సింది భద్రత. 181 ఉమెన్ హెల్ప్‌లైన్, 2005 గృహహింస చట్టం ఉన్నది దానికే. "సర్దుకుపో" అన్న మాట అక్కడ అస్సలు చెల్లదు.

కోర్టు పంపించే కౌన్సెలింగ్ కూడా ఒకటుంది. 1984 ఫ్యామిలీ కోర్టుల చట్టం ప్రకారం, విడాకుల కేసు వచ్చినప్పుడు అవకాశం ఉన్నచోట రాజీకి ప్రయత్నించాల్సిన బాధ్యత కోర్టుది. అందుకని కౌన్సెలర్ దగ్గరికి పంపుతారు. కానీ అప్పటికే ఇద్దరి చేతుల్లో కాగితాలుంటాయి, పక్కన లాయర్లుంటారు. పన్ను పీకించుకునే రోజు బ్రష్ చెయ్యడం గురించి మాట్లాడినట్టుంటుంది. గిన్నెల స్టేజ్‌లో వెళ్లడమే మేలు. పెళ్లికి ముందు వెళ్లేవాళ్లు కూడా ఉన్నారు. డబ్బు, ఉద్యోగం, పిల్లలు, అత్తమామలు, ఎవరి ఊళ్లో ఉంటారు లాంటివన్నీ ముందే మాట్లాడుకుంటారు. జాతకాలు చూపించే ఓపిక ఉన్నవాళ్లకి ఇది పెద్ద కష్టమేం కాదు.

ఎక్కడికి వెళ్లాలి, ఎంతవుతుంది

కాలేజీ: 2025 జులై 25న సుప్రీంకోర్టు ఒక తీర్పిచ్చింది. విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న ఒక విద్యార్థిని మరణానికి సంబంధించిన కేసది. అందులో దేశంలోని విద్యాసంస్థలన్నిటికీ 15 మార్గదర్శకాలు పెట్టారు. వందమంది, అంతకంటే ఎక్కువమంది విద్యార్థులుంటే కనీసం ఒక అర్హత ఉన్న కౌన్సెలర్‌నో, సైకాలజిస్ట్‌నో, సోషల్ వర్కర్‌నో పెట్టాలి. హెల్ప్‌లైన్ నంబర్లు హాస్టళ్లలో, క్లాసుల్లో కనపడేలా రాయాలి. కాబట్టి కౌన్సెలర్ ఉండటం కాలేజీ మన మీద చూపించే దయ కాదు. మీ కాలేజీలో లేకపోతే అడగొచ్చు.

ఫోన్: టెలీ మానస్, 14416. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్ 10న మొదలుపెట్టింది. ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది, ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు. సికింద్రాబాద్‌లో రోష్ని అనే స్వచ్ఛంద సంస్థ 1997 నుంచి పనిచేస్తోంది. ప్రాణం తీసుకోవాలన్న ఆలోచనల్లో ఉన్నవాళ్ల మాట వినడమే వాళ్ల పని.

ప్రభుత్వ ఆసుపత్రులు: ఎర్రగడ్డతో పాటు గాంధీ, ఉస్మానియాలో కూడా సైకియాట్రీ ఓపీ ఉంటుంది. లైన్ ఉంటుంది, కానీ జేబుకి భారం ఉండదు.

ఆఫీస్: ఇది రేపు మనం హైటెక్ సిటీలో చేరాక పనికొస్తుంది, ఇప్పుడు మీ అక్కలకీ అన్నలకీ చెప్పండి. చాలా ఐటీ కంపెనీల్లో ఎంప్లాయీ అసిస్టెన్స్ ప్రోగ్రామ్ అని ఉంటుంది. కొన్ని సెషన్లు ఫ్రీ. బయటి సంస్థ నడుపుతుంది, కంపెనీకి మామూలుగా ఎంతమంది వాడారన్న లెక్కే వెళ్తుంది, పేర్లు వెళ్లవు. అక్కకి ఆఫర్ లెటర్‌తో వచ్చిన మెయిల్లోనే ఇది ఉంది, నాలుగేళ్లు ఓపెన్ చెయ్యలేదు.

ప్రైవేట్: మనిషిని బట్టి, చోటుని బట్టి ఫీజు మారుతుంది. అక్కా వాళ్లకి గంటన్నరకి మూడు వేలు పడింది. స్టూడెంట్స్‌కి తగ్గిస్తారా అని అడగండి, చాలామంది తగ్గిస్తారు.

కొన్ని చోట్ల నుంచి మాత్రం లేచి వచ్చేయండి. "మూడు సిట్టింగుల్లో గ్యారంటీగా నయం చేస్తా" అనేవాళ్లు. వేరే క్లయింట్ల కథలు పేర్లతో సహా చెప్పేవాళ్లు. మీ కులం, మతం, మీరు ప్రేమించిన మనిషి గురించి తీర్పులు చెప్పేవాళ్లు. సెషన్ బయట కలుద్దాం అనేవాళ్లు.

చివరగా

ఐదో సెషన్ అయ్యాక ఆ రాత్రి ఎనిమిదిన్నరకి నాన్న ఫోన్ చేసినప్పుడు చెప్పేశాను. ఆయన ఏమీ అనలేదు. "సరే" అని పెట్టేశారు. రెండు రోజులు ఫోన్ రాలేదు. సినిమాలో అయితే ఇక్కడ నాన్న బస్సెక్కి వచ్చి హత్తుకోవాలి. అలా ఏం జరగలేదు. మూడోరోజు ఎనిమిదిన్నరకి ఫోన్ వచ్చింది. "సప్లీ ఎప్పుడు?" అన్నారు. డేట్ చెప్పాను. "తిన్నావా?" అన్నారు.

సప్లీ రాశాను, రిజల్ట్ ఇంకా రాలేదు. ఆ మూడోరోజు మాత్రం పదకొండింటికే నిద్రపట్టింది.

మీకు గుబులుగా ఉండి, ఎవరికి చెప్పాలో తెలియకపోతే, 14416 ఫోన్లో సేవ్ చేసుకోండి. మీకు అవసరం లేకపోయినా చేసుకోండి. మీ రూమ్‌మేట్ కూడా మూడింటిదాకా మేలుకునే ఉంటున్నాడేమో.